వెన్నుపాము దెబ్బతిన్న మనిషి తన పని తాను ఎంత చేసుకుంటున్నాడు? స్కిమ్ మార్కులు ఇంట్లోనే వేసే పద్ధతి

వెన్నుపాముకు దెబ్బ తగిలిన మనిషి ఉన్న ఇంటికి ఫిజియోథెరపీ చేయడానికి వెళ్తే, చెప్పులు విప్పేలోపే ఒక ప్రశ్న ఎదురొస్తుంది: "నడుస్తడా సార్?" ఉప్పల్‌లో అయినా, మూసాపేటలో అయినా, మెహిదీపట్నంలో అయినా ఇదే ప్రశ్న. అందులో తప్పేమీ లేదు, వాళ్ల బాధ నాకు తెలుసు. కానీ ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని ఏడాది గడిపేసిన ఇళ్లు చాలా చూశాను. ఆ ఏడాదిలో పిల్లాడు తనంతట తాను పక్కకు తిరగడం నేర్చుకున్నాడు, చొక్కా వేసుకుంటున్నాడు, మంచం మీంచి కుర్చీలోకి జరుగుతున్నాడు, అయినా అవేవీ ఎవరూ ఎక్కడా రాసుకోలేదు కాబట్టి "ఏం మారలేదు సార్, అట్లనే ఉన్నడు" అంటారు. రాసుకోని మార్పు కళ్లముందే ఉన్నా కనిపించదు.

దీన్ని రాసుకోవడానికి ఒక కొలత ఉంది. పేరు స్పైనల్ కార్డ్ ఇండిపెండెన్స్ మెజర్, అందరూ స్కిమ్ అంటారు. ఇజ్రాయెల్‌లోని లోవెన్‌స్టీన్ ఆసుపత్రిలో అమిరమ్ కాట్జ్, ఆయన తోటివాళ్లు 1997లో మొదటిసారి తెచ్చారు, 2001లో రెండోది, చాలా దేశాల్లో పరీక్షించాక 2007లో మూడోది వచ్చింది. ఇక్కడ చెప్పేది ఆ మూడోదాని గురించే. మొత్తం 100 మార్కులు. తిండి, స్నానం, బట్టల్లాంటి సొంత పనులకు 20, ఊపిరి, యూరిన్, మోషన్, టాయిలెట్‌కు కలిపి 40, కదలికలకు 40. మార్కు పెరిగితే మనిషి ఇంకొకరి మీద ఆధారపడటం తగ్గినట్టు.

ఫిజియో చదివే పిల్లలు "బార్తెల్ ఉంది కదా, ఫిమ్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు" అని అడుగుతారు. ఆ రెండూ మనిషి రోజువారీ పనులు ఎంత చేసుకుంటున్నాడో కొలిచే ఫారాలే. ఫిమ్‌లో 18 అంశాలు, ఒక్కోదానికి 1 నుంచి 7. అందులో 5 అంశాలు మాట, జ్ఞాపకం, నలుగురితో మెలగడం గురించి. తలకు దెబ్బ తగలని, నడుము దగ్గర వెన్ను మాత్రమే విరిగిన మనిషికి వాటిలో మొదటిరోజే దాదాపు మొత్తం మార్కులు వచ్చేస్తాయి, ఇక అక్కడ పెరగడానికి ఏముంది? ఊపిరి గురించి అయితే బార్తెల్‌లోనూ లేదు, ఫిమ్‌లోనూ లేదు. మెడ దగ్గర దెబ్బ తగిలి దగ్గడానికి కూడా ఇంకొకరు పొట్ట నొక్కాల్సిన మనిషికి అది చిన్న సంగతి కాదు. స్కిమ్‌ను వెన్నుపాము దెబ్బ కోసమే కట్టారు, అందుకే ఈ మనుషుల్లో వచ్చే చిన్న మార్పు కూడా దీనికి దొరుకుతుంది.

ఇంకో రెండు విషయాలు ముందే విడదీసి పెట్టుకోండి. డాక్టరు కాగితం మీద ఆసియా ఎ, బి, సి అని రాసేది నరాల పరిస్థితి, సూదితో గుచ్చి, కండరాల బలం చూసి వేసే గ్రేడ్ అది. ఒకే గ్రేడ్ ఉన్న ఇద్దరి స్కిమ్ మార్కుల మధ్య 30 తేడా ఉండొచ్చు. సదరం సర్టిఫికెట్‌లోని శాతం వైకల్యం ఎంతో చెబుతుంది, అక్కడ అంకె పెరిగితే ఇబ్బంది ఎక్కువని అర్థం, ఇక్కడ అంకె పెరిగితే మంచిది. ఈ రెండింటినీ కలిపేసి టెన్షన్ పడినవాళ్లున్నారు.

మొదలుపెట్టే ముందు

కొలిచే రోజు జ్వరం ఉన్నా, కూర్చునే చోట పుండు పడి ఉన్నా ఆ రోజు వద్దు. మార్కు కోసం పుండు మీద కూర్చోబెడితే నెలల కష్టం పోతుంది. ఛాతీ మధ్యభాగం, అంటే టి6, అంతకంటే పైన దెబ్బ తగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. మధ్యలో ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, మొహం ఎర్రబడటం, చెమటలు వస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతోందని అర్థం. వెంటనే ఆపి, పడుకోబెట్టకుండా నిటారుగా కూర్చోబెట్టి, బిగుతు బట్టలు వదులు చేసి, యూరిన్ పైపు మెలిక పడిందా, బ్యాగు నిండిందా, మోషన్ గట్టిగా ఆగిపోయిందా చూడండి. తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఆలస్యం చేయకూడదు.

కావాల్సిన సామాను పెద్దగా లేదు. ఫారం, పెన్ను, ఆ మనిషి రోజూ వాడే వస్తువులు. రోజూ పడుకునే మంచం, రోజూ వాడే బాత్రూం, రోజూ తినే కంచం. అన్నీ ఒక్కరోజే చూసేయాలని లేదు, నేను రెండు రోజులకు పంచుతాను, ఒకరోజు పొద్దున్నే స్నానం వేళకు వెళ్తాను, ఇంకోరోజు సాయంత్రం బయట తిరిగే వేళకు.

అసలు సూత్రం: చేయగలడా అని కాదు, చేస్తున్నాడా అని

ఈ ఒక్కటి పట్టుబడితే మిగతాది సులువు. కొత్తలో నేను కూడా మంచం పక్కన కుర్చీ వేసుకుని వాళ్లమ్మను అడిగి మార్కులు వేసేశాను. ఉప్పల్‌లో ఒక ఇంట్లో, సెంట్రింగ్ పని మీద నుంచి పడ్డ 24 ఏళ్ల అబ్బాయి, టి12 దగ్గర, అంటే ఛాతీ ముగిసి నడుము మొదలయ్యే చోట దెబ్బ. ప్యాంటు ఎవరు వేస్తారమ్మా అంటే "అన్నీ నేనే సార్" అంది, ఆ లెక్కన 0. అబ్బాయి "నేనే ఏసుకుంటా సార్, అమ్మ ఏసుకోనియ్యది" అన్నాడు, ఆ లెక్కన 4. ఇద్దరూ అబద్ధం చెప్పలేదు. తర్వాత ఒకరోజు వాళ్లమ్మను వంటింట్లో కూర్చోబెట్టి చూస్తే, ఎలాస్టిక్ షార్ట్ వేసుకోవడానికి వాడికి చాలాసేపు పట్టింది, నడుము దాటించడానికి మధ్యలో ఒకసారి ఆమెను పిలవక తప్పలేదు. నిజం 1. ఆ రోజు నుంచి కళ్లతో చూడనిది రాయడం మానేశాను. చూసే వీల్లేనివి ఉంటాయి, మోషన్ లాంటివి. అవి మాత్రమే అడిగి రాస్తాను, పక్కన "అడిగి రాసింది" అని గుర్తు పెడతాను.

చూసేటప్పుడు నోరు మూసుకోవడం నేర్చుకోవాలి. "ఇట్ల పట్టు, అట్ల జరుగు" అంటే అది కూడా సాయమే. ఎంతసేపు పట్టినా చూడాలి. మన ఇళ్లలో ప్రేమ చాలా త్వరగా చేయి అందిస్తుంది, గ్లాసు కోసం వాడు చేయి చాపేలోపు గ్లాసు నోటి దగ్గరికి వచ్చేస్తుంది. ఆ ప్రేమను తప్పు పట్టట్లేదు, కొలిచే గంటసేపు మాత్రం ఆగమని అడుగుతున్నాను.

సొంత పనులు, 20 మార్కులు

తిండికి 0 నుంచి 3. పూర్తిగా ఎవరో తినిపిస్తే, లేదా ట్యూబు ద్వారా పోతే 0. మెడ దగ్గర దెబ్బ తగిలి వేళ్లు పట్టులేని వాళ్లు అరచేతికి పట్టీతో స్పూను కట్టుకుని తింటారు కదా, ఆ పట్టీ ఎవరో కట్టాలి అంటే 1, తనే తొడుక్కుని తింటే 2. ఏ పరికరమూ లేకుండా తిని, నీళ్లు వంచుకుని, సీసా మూత తీసుకుని తాగితే 3. అన్నంలో పప్పు కలిపి ఇస్తే తినగలడు, కలుపుకోలేడు అన్నప్పుడు ఏం చేయాలి? ఫారంలో కలపడం అనే మాట లేదు, ముక్కలు కోయడం, వంచడం, మూత తీయడం ఉన్నాయి. నేను దాన్ని ముక్కలు కోసివ్వడంతో సమానంగా చూసి 2 వేస్తాను, పక్కన రాసి పెడతాను. ఎవరు కొలిచినా ప్రతిసారీ ఒకేలా వేయడం ముఖ్యం.

స్నానం నడుము పైన, కింద వేరువేరుగా, ఒక్కోదానికి 3. బకెట్, మగ్గు అందుకుని తనే పోసుకుంటున్నా, దానికోసం ప్రత్యేకంగా కుర్చీ వేసుకుంటేనో, గోడకు కడ్డీలు పెట్టించుకుంటేనో 2. ఏ ఏర్పాటూ లేకుండా అందరిలాగే చేస్తేనే 3. దెబ్బ తగలకముందు కూడా ఆ ఇంట్లో అందరూ స్టూలు మీదే కూర్చుని స్నానం చేసేవాళ్లా అని అడుగుతాను, ఎందుకంటే ఫారం అడిగేది మామూలు మనుషులకు అలవాటు లేని ఏర్పాటు గురించి.

బట్టలు పైన 4, కింద 4. ఇక్కడ కిటుకు గుండీలు, జిప్పులు, లేసులు. గుండీలు లేని టీషర్టు ఎవరైనా కొంచెం సాయం పడితే వేసుకుంటే 1, పరికరమో ప్రత్యేక ఏర్పాటో పెట్టుకుని తనే వేసుకుంటే 2, అవీ లేకుండా వేసుకుని గుండీలకు మాత్రమే సాయం అడిగితే 3, ఏ బట్టైనా తనే వేసుకుంటే 4. నైటీ, లుంగీ మాత్రమే ఏడాదిగా కడుతున్న వాళ్లకు గుండీల చొక్కా ఒకసారి ఇచ్చి చూడండి, ఎవరూ ఇవ్వకపోవడం వల్లే కొందరు అక్కడ ఆగిపోయారు. పళ్లు తోముకోవడం, మొహం కడుక్కోవడం, తల దువ్వుకోవడం, గడ్డం, వీటన్నిటికీ కలిపి 3.

ఊపిరి, యూరిన్, మోషన్: 40 మార్కుల భాగం

ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడటానికి ఇష్టపడని భాగం ఇది, మార్కులు ఎక్కువున్న రెండు భాగాల్లో ఇదొకటి. నిజానికి కొలత చేసినవాళ్లు ఎంత ఆలోచించారో ఇక్కడే తెలుస్తుంది. యూరిన్ గడికి ఒక్కదానికే 15 మార్కులు, మెట్లెక్కడానికి 3.

ఊపిరికి 10. నడుము, ఛాతీ కింద దెబ్బ తగిలినవాళ్లకు దాదాపు ఎప్పుడూ 10 వస్తుంది, రాసేసి ముందుకు వెళ్లండి. మెడ దెబ్బ అయితే ఆగాలి. గొంతులో ట్యూబు ఉండి మెషీన్ సాయం కావాల్సినవాళ్లకు 0, ట్యూబుతో సొంతంగా పీలుస్తూ ఆక్సిజన్‌కో, దగ్గడానికో, ట్యూబు చూసుకోవడానికో చాలా సాయం కావాలంటే 2, కొంచెం చాలంటే 4. ట్యూబు లేకపోయినా ఆక్సిజన్, మాస్కు, దగ్గడానికి చాలా సాయం కావాలంటే 6, దగ్గడానికి కొంచెం సాయం చాలంటే 8, ఏమీ అక్కర్లేకపోతే 10.

యూరిన్ గడి నిదానంగా చదవండి. లోపలే ఉండిపోయే పైపు, అంటే ఫోలీ, ఉంటే 0. మనిషి ఎంత హుషారుగా ఉన్నా, తన బ్యాగు తనే ఖాళీ చేసుకున్నా 0. చాలామందికి ఇది నచ్చదు, "అన్నీ చేసుకుంటడు కదా సార్" అంటారు. ఇంకొకరు పైపు పెట్టి తీస్తుంటే, లేదా పోసుకున్నాక కూడా లోపల 100 మిల్లీలీటర్లకు మించి మిగులుతూ వేళకు పైపు పెట్టుకోకపోతే 3. ఎంత మిగిలిందో అంచనాతో చెప్పలేం, స్కానింగ్‌లోనో పైపు పెట్టి కొలిచో తెలుసుకోవాలి. వేళకు పైపు తనే పెట్టుకుని తీసుకుంటూ, మధ్యలో కారకుండా బయట తొడిగే కండోమ్ డ్రైనేజీకి మాత్రం సాయం కావాలంటే 6, అదీ తనే తొడుక్కుంటే 9, పైపు తనే పెట్టుకుంటూ మధ్యలో ఒక్క చుక్కా కారకుండా ఉంటే 11. పైపు అక్కర్లేకుండా, మిగిలేది 100 లోపే ఉండి, బయట తొడిగేది మాత్రం వాడుతుంటే 13, అదీ లేకుండా పూర్తిగా అదుపులో ఉంటే 15.

ఇది చదివి ఫోలీ పీకేయకండి, దయచేసి. కిడ్నీ, మూత్రాశయం పరిస్థితి చూసి యూరాలజీ డాక్టరు చెబితేనే మార్చాలి. కానీ నిమ్స్‌కో గాంధీకో చూపించడానికి వెళ్లినప్పుడు "మావాడు చేతులతో పని చేసుకుంటాడు, సీఐసీ, అంటే వేళకు పైపు తనే పెట్టుకుని తీసుకోవడం, నేర్పిస్తారా" అని అడగండి. ఎవరూ అడగలేదు కాబట్టి రెండేళ్లుగా ఫోలీతోనే ఉన్న మనుషులు నాకు తెలుసు.

మోషన్‌కు 10. వేళాపాళా లేకుండా అయినా, మూడు రోజులకు ఒకసారి కూడా అవ్వకపోయినా 0. వేళకు అవుతుంది కానీ సపోజిటరీ, అంటే మలద్వారంలో పెట్టే మందు, పెట్టడానికి ఎవరో కావాలి, బట్టల్లో పోవడం నెలకు రెండుసార్ల కంటే తక్కువ అంటే 5. సాయం లేకుండా వేళకు అయి, ఎప్పుడో ఒకసారి పొరపాటు జరిగితే 8, అసలు జరగకపోతే 10. రెండు వారాల పాటు ఒక క్యాలెండర్ మీద గుర్తులు పెట్టించండి, అప్పుడే నిజం తెలుస్తుంది. సిగ్గుపడే విషయం కాబట్టి అడిగేటప్పుడు గదిలో ఉన్న బంధువులందరినీ బయటికి పంపించండి, మరదళ్ల ముందు ఏ మగపిల్లాడూ నిజం చెప్పడు, మామగారి ముందు ఏ కోడలూ చెప్పదు.

టాయిలెట్‌కు 5. కడుక్కోవడం, ముందూ వెనకా బట్టలు సర్దుకోవడం, ప్యాడ్ మార్చుకోవడం. ఇంకొకరు కడగాల్సి వస్తే 1, తనే కడుక్కుంటూ బట్టలకు సాయం కావాలంటే 2, కమోడ్ కుర్చీతోనో కడ్డీలతోనో అంతా తనే చేసుకుంటే 4, అవేవీ లేకుండా అయితే 5. 3 అనే మార్కు లేదు, వెతక్కండి.

కదలికలు, 40 మార్కులు

మంచం మీద నాలుగు పనులు చూడాలి: పై శరీరం తిప్పడం, కింది శరీరం తిప్పడం, లేచి కూర్చోవడం, చక్రాల కుర్చీలో చేతులు ఆనించి పిరుదులు పైకి లేపడం. ఏదీ రాకపోతే 0, ఒకటి వస్తే 2, రెండో మూడో వస్తే 4, నాలుగూ వస్తే 6. కరెంటు మంచం బటన్ నొక్కి లేస్తే లెక్కలోకి రాదు. నాలుగోదాన్ని తేలిగ్గా తీసుకోకండి, పుండు పడకుండా కాపాడేది అదే.

మంచం నుంచి కుర్చీకి 2, కుర్చీ నుంచి టాయిలెట్‌కు 2. పక్కన ఎవరో కాపలాగా నిలబడాలన్నా, జరగడానికి మధ్యలో వేసే స్లైడింగ్ బోర్డు వాడినా 1.

తర్వాత తిరగడం మూడు గడులు, ఇంట్లో, 10 నుంచి 100 మీటర్ల దూరం, 100 మీటర్లు దాటి బయట, ఒక్కోదానికి 8. కరెంటు కుర్చీ, లేదా చేతి కుర్చీకి ఎవరైనా కొంత తోస్తే 1, చేతి కుర్చీలో తనే తిరిగితే 2. నడిచేవాళ్లలో పక్కన మనిషి ఉండాలంటే 3, వాకర్‌తోనో, రెండు క్రచెస్ ఒకేసారి వేసి ఊగుతూనో నడిస్తే 4, క్రచెస్‌తోనో రెండు కర్రలతోనో అడుగు తర్వాత అడుగు వేస్తే 5, ఒక కర్రతో 6, కాలికి క్యాలిపర్ మాత్రమే ఉంటే 7, ఏమీ లేకుండా 8.

ఇక్కడ మన ఇళ్లలో అడ్డం పడేది గడప. కుర్చీ తనే తోసుకుంటాడు, గడప దగ్గర మాత్రం ఎవరో ముందు చక్రాలు ఎత్తుతారు. అంటే సాయం ఉన్నట్టే, 1. ఒక చెక్క వాలుగా వేస్తే ఆ రోజే 2. శరీరంలో ఏమీ మారలేదు, ఇల్లు మారింది. అలాగే లిఫ్ట్ లేని మూడో అంతస్తులో ఉండే మనిషికి బయటి గడిలో 0 పడుతుంది, ఆసుపత్రి వరండాలో అదే మనిషి హాయిగా తిరిగేవాడు. 0 అనే రాయండి, పక్కన "లిఫ్ట్ లేదు" అని కూడా రాయండి. అద్దె ఇల్లు మారే వీలుంటే ఏ ఇల్లు చూడాలో ఆ కాగితమే చెబుతుంది.

మెట్లకు 3, కనీసం మూడు మెట్లు ఎక్కి దిగాలి. మనిషి సాయంతో 1, కడ్డీ లేదా కర్ర సాయంతో 2, ఏదీ లేకుండా 3. కారులోకి మారడానికి 2. మనవాళ్లు తిరిగేది ఆటోలో, దానికీ కారుకీ ఎక్కే పద్ధతి వేరు, అందుకే మార్కు కారుతోనే వేసి, ఆటో సంగతి పక్కన విడిగా రాస్తాను. నేల మీంచి కుర్చీలోకి రావడానికి 1 మార్కే, కానీ కింద కూర్చుని తినే ఇళ్లలో, కుర్చీలోంచి జారిపడే రోజుల్లో ఆ ఒక్క మార్కు విలువ చాలా ఎక్కువ.

కూడిన తర్వాత ఆ అంకె ఏం చెబుతుంది

ఒక లెక్క చూడండి. ఒక్క అడుగూ వేయలేని మనిషి, చేతులు బాగున్నాయి. తిండి 3, స్నానం 2 చొప్పున 4, బట్టలు 8, మొహం, తల 3, మొత్తం 18. ఊపిరి 10, యూరిన్ 11, మోషన్ 10, టాయిలెట్ 4, మొత్తం 35. మంచం మీద 6, కుర్చీకి 2, కడ్డీ పట్టుకుని టాయిలెట్‌కు 1, మొత్తం 9. తిరగడం 2 చొప్పున 6, మెట్లు 0, కారు 2, నేల 1, అదొక 9. కూడితే 71. "నడుస్తడా" అన్న ప్రశ్నకు జవాబు 'నడవడు' అని తెలిసిన ఇంట్లో కూడా, 71 వరకు వెళ్లే దారి తెరిచే ఉంది.

మొత్తం అంకె ఒక్కటే చూసి సంబరపడకండి, కుంగిపోకండి. ఏ గడి కదిలిందో చూడండి. మొత్తంలో 4 మార్కులు పెరిగితే చిన్నదే అయినా నిజమైన మెరుగనీ, 10 పెరిగితే పెద్ద మెరుగనీ పరిశోధకులు లెక్కగట్టారు, కాబట్టి ఒకటీ రెండు మార్కుల తేడాకు కొలిచిన మనిషి మారడమో, ఆ రోజు నీరసమో కారణం కావొచ్చు. నేను మొదటి ఏడాది మూడు నెలలకోసారి కొలుస్తాను. తగ్గితే ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఉన్నట్టుండి మంచం మీద 6 నుంచి 4కు పడిందంటే భుజం నొప్పి ఉందేమో, యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి బిగుసుకుపోతున్నాడేమో అడగాలి.

ఉప్పల్ అబ్బాయికి కళ్లతో చూసి వేసిన మొదటి స్కోరు 38. ఫోలీ ఉంది, స్నానం వాళ్లమ్మే చేయించేది, గడప దగ్గర కుర్చీ వాళ్ల నాన్న ఎత్తేవాడు. మూడు నెలలకు 60. డాక్టరు చెప్పాక సీఐసీ నేర్చుకున్నాడు, అక్కడే 9 వచ్చాయి, స్నానానికి కుర్చీ, గడపకు చెక్క, కమోడ్ కుర్చీ వచ్చాయి, షార్ట్ తనే వేసుకుంటున్నాడు, ప్యాంటు జిప్పు ఒక్కటే మిగిలింది. కాళ్లలో కదలిక మొదట ఎంతో ఇప్పుడూ అంతే. ఫారం ఫోటో తీసి వాళ్ల ఫోన్‌లో పెట్టి, అసలు కాగితం ఫ్రిజ్ మీద అంటించి, కింద తర్వాతి తేదీ రాసి వచ్చాను. మొన్న వెళ్లినప్పుడు చూస్తే మోషన్ గడిలో నేను వేసిన 5 పక్కన వాళ్లమ్మ పెన్సిల్‌తో చిన్నగా 8 అని రాసుకుంది, నేల గడి దగ్గర వాడు 1 రాసుకున్నాడు.